25 వేలలో బరువు తక్కువ ల్యాప్‌టాప్: మూడు నెలల రైలు ప్రయాణానికి ఏది కొనాలి?

లంకమామిడి (రాజమహేంద్రవరం) | ఏప్రిల్ 6, రాత్రి 9:40

నమస్కారం అండి. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను, అవసరమైతే పేజీలు కూడా కట్టి ఇస్తాను. జూన్ మొదటి వారంలో బయల్దేరి మూడు నెలలు తిరగాలని నిర్ణయించుకున్నాను. విజయవాడలో గంగా కావేరి ఎక్కి కాశీ, అక్కడి నుంచి హరిద్వార్, రిషీకేశ్, తర్వాత మనాలి, జూలై చివర్లో లేహ్. అంతా స్లీపర్ క్లాసు, డార్మిటరీ మంచాలు, ప్రభుత్వ బస్సులు. పని మానుకుని తిరిగే స్తోమత లేదు. రోజుకు ఒక ఫారం చొప్పున, అంటే పదహారు పేజీలు, చూసుకుంటూ వెళ్లాలి.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 15.6 అంగుళాలది. నిన్న మా వీధి చివరి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టి చూశాను. ల్యాప్‌టాప్ 2 కిలోల 150 గ్రాములు, చార్జరు తీగతో కలిపి 520 గ్రాములు. పోయినేడాది అరుణాచలంలో గది దొరక్క దీన్ని వీపున వేసుకునే గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లూ నడిచాను. మర్నాడు మెడ తిప్పలేకపోయాను. ఈసారి బట్టలతో సహా బ్యాగు మొత్తం 7 కిలోలు దాటకూడదు. తిరుగు ప్రయాణం ఢిల్లీ నుంచి విమానం, చేతి సామాను అంతవరకే ఉచితం.

బడ్జెట్ 25 వేలు. ఒక్క వెయ్యి పెరిగినా అది ప్రయాణం డబ్బులోంచే పోతుంది. ఏది తీసుకోమంటారు?

---

పట్టాలమీద (కాజీపేట) | ఏప్రిల్ 6, రాత్రి 10:15

అక్కా, మోడల్ పేర్లు తర్వాత. ముందు మీరు వాడే సాఫ్ట్‌వేర్లు ఏంటో చెప్పండి. అది తెలియకపోతే ఇక్కడ ఎవరికి నచ్చింది వాళ్లు చెప్తారు.

---

తూనీగ (హైదరాబాద్) | ఏప్రిల్ 6, రాత్రి 10:52

ప్రూఫులే అయితే ల్యాప్‌టాప్ ఎందుకండి? పది అంగుళాల ట్యాబ్ ఒకటి, బ్లూటూత్ కీబోర్డు ఒకటి. రెండూ కలిపి 800 గ్రాములు దాటవు. పీడీఎఫ్ మీద స్టైలస్‌తో గుర్తులు పెట్టి పంపేయొచ్చు. నేను గోకర్ణలో నెల రోజులు అలాగే గడిపాను. చార్జింగ్ టెన్షన్ లేదు, పోయినా పెద్ద నష్టం లేదు.

---

లంకమామిడి | ఏప్రిల్ 7, ఉదయం 6:30

తూనీగ గారూ, పీడీఎఫ్ మీద గుర్తులు పెట్టి పంపే పని సగమే. మిగతా సగం నేనే ఫైలు తెరిచి దిద్దాలి. మన తెలుగు ప్రచురణ సంస్థల్లో చాలామంది ఇప్పటికీ అను స్క్రిప్ట్‌లో కొట్టించి పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టిస్తున్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0. పాతికేళ్ల కిందటిది, అయినా ఫైళ్లు అందులోనే వస్తున్నాయి. కొందరు మాత్రం ఇన్‌డిజైన్‌లో ఇస్తారు. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చదవగలిగే పద్ధతి) కావు, కన్వర్టర్లో మార్చి తెచ్చుకుంటే ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోతుంది. అను, పేజ్‌మేకర్ నడవాలి కాబట్టి విండోస్ తప్పదు.

నా వేళ్లకు అనులో యాపిల్ అనే పేరున్న కీల అమరికే వచ్చు. కీలు మరీ చిన్నవైతే చేయి తడబడుతుంది.

---

మల్లేశ్వరం మెట్లు (బెంగళూరు) | ఏప్రిల్ 7, ఉదయం 8:05

నేను సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ ఎయిర్ ఎమ్1 చెబుదామని వచ్చాను. 2020 నవంబర్‌లో వచ్చింది, 1.29 కిలోలు, ఫ్యాన్ లేదు, రోజంతా బ్యాటరీ. ప్రయాణాలకు దానికి సాటి వచ్చేది నేను చూడలేదు. కానీ ఎమ్1లో నేరుగా విండోస్ వేసుకునే దారి లేదు. ఇంటెల్ మ్యాక్‌లలో ఉండే బూట్ క్యాంప్ దీనికి లేదు. అను, పేజ్‌మేకర్ మీకు అన్నం పెట్టే సాధనాలు కాబట్టి దీన్ని వదిలేయండి. ఇదే కారణంతో క్రోమ్‌బుక్ కూడా వద్దు.

---

పాతయంత్రం (సికింద్రాబాద్) | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2:20

నేను పదకొండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను. 25 వేలకు కొత్తది కావాలంటే కంపెనీలు రెండు చోట్ల కోత పెడతాయి. బరువు తగ్గిస్తే ప్రాసెసర్ నీరసం, ప్రాసెసర్ బాగుంటే బరువు కిలోన్నర పైన. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో ఆ ధరలో కొత్తవి దొరకడం ఇంకా తగ్గిపోయింది. ఈఎంఎంసీ అనే చవకరకం, నెమ్మదైన స్టోరేజీ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. విండోస్ అప్‌డేట్ ఒకటి రాగానే గంటసేపు మీ పని ఆగిపోతుంది.

మీకు సరిపోయేవి ఆఫీసుల నుంచి లీజు ముగిసి వచ్చే బిజినెస్ ల్యాప్‌టాప్‌లు. మూడు పేర్లు చెబుతాను. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280, 12.5 అంగుళాలు, 1.2 కిలోల లోపు. డెల్ లాటిట్యూడ్ 7290, అదీ 12.5 అంగుళాలే, బరువు దాదాపు అంతే. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5, 13.3 అంగుళాలు, 1.33 కిలోల నుంచి మొదలు. మూడూ టైప్-సి ద్వారా చార్జ్ అవుతాయి. మూడింటిలోనూ ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు దొరుకుతాయి, అది ముఖ్యం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. ఏడో తరం ఐ5 రెండు కోర్లదే, ఎనిమిదో తరం ఐ5 నాలుగు కోర్లది. చూడ్డానికి ఎక్స్280లాగే ఉండే పాత తరం ఎక్స్270 రెండు మూడు వేలు తక్కువకు ఇస్తామంటారు, తీసుకోకండి.

ర్యామ్ సంగతి. ఎక్స్280లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. కొనేటప్పుడే 8 జీబీ ఉందో లేదో చూడాలి, 4 జీబీది ఉచితంగా ఇచ్చినా వద్దు. 7290లో ఒక స్లాట్, 830లో రెండు స్లాట్లు ఉంటాయి.

పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అంటాం, అక్కడికి రాగలిగితే నాలుగు షాపులు తిరిగి చేత్తో పట్టుకుని చూసి కొనండి. బెంగళూరువాళ్లకు ఎస్పీ రోడ్డు, చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉన్నట్టే మనకిది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనడం కన్నా రాజమండ్రి నుంచి రాను పోను రైలు చార్జీ పెట్టుకోవడమే నయం.

---

వంకాయరంగు (ఖమ్మం) | ఏప్రిల్ 7, సాయంత్రం 5:48

సెకండ్ హ్యాండ్ అంత తేలిగ్గా చెప్పకండి సార్. నేను రెండేళ్ల క్రితం ఇలాంటిదే తీసుకున్నాను. నెల బాగా పనిచేసింది. ఒకరోజు విండోస్ మళ్లీ వేయించుకున్నాను. నెట్‌కు కలపగానే తెర మీద ఏదో కంపెనీ పేరు, మీ ఆఫీసు ఐడీతో లాగిన్ అవ్వండి అని వచ్చింది. దాన్ని దాటే దారి లేదు. బయోస్‌కు, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులకు, పాస్‌వర్డ్ ఉంది. షాపుకు తీసుకెళితే నెల దాటింది మాకు సంబంధం లేదన్నారు. 19 వేలు పోసి కొన్నది ఇంట్లో పీటలా పడి ఉంది. నేను డిగ్రీ చదువుకుంటూ ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బది. లంకమామిడి గారికి ఊరు కాని ఊళ్లో అలా జరిగితే ఏం చేస్తారు?

---

పాతయంత్రం | ఏప్రిల్ 7, రాత్రి 8:30

తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లూ జరిగేదే. పాత కంపెనీవాళ్లు తమ జాబితాలోంచి ఆ మెషీన్‌ను తీసేయకపోతే అలా అవుతుంది. అందుకే డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే చేయాల్సినవి రాస్తున్నాను, అందరూ దాచుకోండి.

ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేసి రండి. లోపల కంప్యూట్రేస్ లేదా ఆబ్సొల్యూట్ (పాత యజమాని దూరం నుంచే మెషీన్‌కు తాళం వేసే ఏర్పాటు) అనే లైను వెతకండి, యాక్టివేటెడ్ అని ఉంటే వద్దు. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి విండోస్‌ను రీసెట్ చేయించండి. అరగంట, ముప్పావుగంట పడుతుంది, షాపాయన విసుక్కుంటాడు, అయినా కూర్చోండి. నెట్‌కు కలిసి ఉండగా మొదటి సెటప్ తెరలో మామూలుగా మీ పేరు అడిగితే సరే. ఆఫీసు పేరు వస్తే అది తాళం వేసిన పెట్టె. వంకాయరంగుకు నెల తర్వాత బయటపడింది ఇలా అక్కడే బయటపడుతుంది.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ ఇప్పటి బలం. రెండో అంకె మొదటిదానిలో 75 శాతం కన్నా తక్కువైతే బ్యాటరీ మార్చి ఇమ్మనండి. టైప్-సి పోర్టులో తీగ పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి, చార్జింగ్ ఆగి ఆగి వస్తే ఆ పోర్టు అరిగినట్టు.

---

అచ్చుతప్పు (గుంటూరు) | ఏప్రిల్ 7, రాత్రి 10:10

అమ్మా, నేనూ మీ వృత్తే, ముప్పై ఏళ్లుగా. ఇంతమంది బరువు గురించి మాట్లాడారు, కళ్ల గురించి ఎవరూ అనలేదు. ధ, థల మధ్య తేడా లోపలి చుక్కే కదా. తెర నాసిరకమైతే ఆ చుక్క మాయమవుతుంది. సు, ను ఒకటే అనిపిస్తాయి. ఈ పాత బిజినెస్ మోడళ్లలో 1366 × 768 తెరలు కూడా తిరుగుతుంటాయి, అవి మనకు పనికిరావు. ఫుల్ హెచ్‌డీ (1920 × 1080), పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెర అయి తీరాలి. షాపులో ఒక ప్రూఫు పేజీ తెరిచి, మామూలు సైజులో ‘విధానం’, ‘కథనం’ చదివి చూసుకోండి. నన్నడిగితే 13.3 అంగుళాలే మేలు. ఆ నూటయాభై గ్రాములు మోయవచ్చు, కళ్లు మళ్లీ రావు.

---

పాతయంత్రం | ఏప్రిల్ 7, రాత్రి 10:25

పెద్దాయన మాట వినండి. నేను తెర సంగతి రాయడం మర్చిపోయాను. ఎక్స్280 రెండు రకాల తెరలతోనూ వచ్చింది.

---

చుక్కలకోడి (కడప) | ఏప్రిల్ 8, ఉదయం 7:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. జియోబుక్ 990 గ్రాములే కదా, 16,499కి వచ్చింది. అది చాలదా?

---

మల్లేశ్వరం మెట్లు | ఏప్రిల్ 8, ఉదయం 7:50

2023లో వచ్చినది అదే. మీడియాటెక్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ, సొంత జియో ఓఎస్. పాఠాలు వినడానికి, బ్రౌజింగ్‌కు సరే. పేజ్‌మేకర్ తెరుచుకోదు.

---

ఉక్కునగరం (విశాఖపట్నం) | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:05

నేను ఎలక్ట్రికల్ పని చేస్తాను, కరెంటు లెక్క చెబుతాను. మీ 520 గ్రాముల చార్జరు బరువు చూశాక రాయాలనిపించింది.

65 వాట్ల టైప్-సి గ్యాన్ (చిన్నగా, తేలిగ్గా ఉండే రకం) చార్జరు ఒకటి తీసుకోండి, రెండు పోర్టులది. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ అదే. తీగతో కలిపి 200 గ్రాముల లోపే ఉంటుంది. మీరు ల్యాప్‌టాప్‌లో ఒక కిలో తగ్గిస్తే, ఇక్కడ ఇంకో మూడు వందల గ్రాములు తగ్గాయి. కొనేముందు దాని మీద పీడీ (పవర్ డెలివరీ) అని, 20 వోల్టులు అని రాసి ఉందా చూడండి. ఫోన్లతో వచ్చే 67 వాట్లు, 80 వాట్ల చార్జర్లు చాలావరకు సొంత పద్ధతిలో నడుస్తాయి, వాటితో ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ ఎక్కకపోవచ్చు. తీగ కూడా ముఖ్యమే. మామూలు టైప్-సి తీగ 60 వాట్ల దాకా మోస్తుంది, ఆపైన కావాలంటే 100 వాట్లు అని ఉన్నది తీసుకోవాలి.

పవర్ బ్యాంక్ వద్దంటాను. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు. విమానంలో 100 దాకా చేతి సామానులో ఒప్పుకుంటారు, చెక్-ఇన్ బ్యాగులో అసలు ఒప్పుకోరు. అది వేరే సంగతి. 74లో మార్పిడికి కొంత పోగా ల్యాప్‌టాప్ ఒక్కసారి నిండుతుంది. ఆ ఒక్కసారి కోసం అర కిలో మోయాలి. పైగా 22.5 వాట్ల పవర్ బ్యాంకులు ఫోనుకే పనికొస్తాయి. ఎక్స్280 బ్యాటరీ 48 వాట్-అవర్లు. వెలుతురు తగ్గించి ప్రూఫులు చూస్తే గంటకు ఏడు ఖర్చవుతుంది అనుకోండి, పాతబడిన బ్యాటరీతో కూడా ఐదు గంటలు. ఒక ఫారం అయిపోదా?

---

పట్టాలమీద | ఏప్రిల్ 8, రాత్రి 9:00

రైలు సంగతి నేను చెప్తాను. చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేస్తారు. పడుకునేటప్పుడు పెట్టి పొద్దున తీసుకుందాం అనుకుంటే కుదరదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య నింపుకోవాలి. పాత స్లీపర్ పెట్టెల్లో పాయింట్ ఒక చోట, మన బెర్తు ఒక చోట. తీగ రెండు మీటర్లది తీసుకోండి. రైలు ప్లగ్గులు వదులు, బరువైన చార్జరు జారి పడిపోతుంది, చిన్నదైతే నిలుస్తుంది. చార్జరు మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటే భయం లేదు.

పై బెర్తు తీసుకుని ల్యాప్‌టాప్ బ్యాగు తల కింద పెట్టుకోండి. బ్యాగు పాతది, గుడ్డది అయితే ఇంకా మంచిది. స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై రోజుకు మొదటి అరగంట ఉచితం, ఒక ఫారం పంపడానికి చాలు.

---

కొండదారి (నెల్లూరు) | ఏప్రిల్ 9, ఉదయం 11:40

నేను లేహ్ రెండుసార్లు వెళ్లొచ్చాను. రెండు మాటలు.

మొదటిది, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్ గానీ, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గానీ తీసుకెళ్లకండి. అందులో రాసే ముల్లు పళ్లెం మీద గాలి పొర ఆధారంగా తేలుతుంది. చాలావాటికి పనిచేసే ఎత్తు 3,000 మీటర్ల దాకానే అని తయారీదార్లే రాస్తారు. లేహ్ 3,500 మీటర్లు. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీకి ఆ బాధ లేదు.

రెండోది, మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ అయితేనే. బయల్దేరే ముందే మార్పించుకోండి, అక్కడికి వెళ్లాక తెలిస్తే పంపాల్సిన ఫైలు చేతిలో ఉండి పంపలేరు. మా స్నేహితుడికి అదే జరిగింది.

---

తూనీగ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:30

డార్మిటరీలో ల్యాప్‌టాప్ పోతే మెషీన్ పోయిందన్న బాధ కన్నా అందులో వేరేవాళ్ల పుస్తకాలు ఉన్నాయన్న బాధ ఎక్కువ. పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు ఎవరూ చదవలేకుండా డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో అమ్మకో ఎవరికో ఇచ్చి వెళ్లండి. రోజూ పని ముగిశాక ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి, దాన్ని నడుముకు కట్టుకునే సంచిలోకి. నేను ఒంటరిగా తిరిగినన్నాళ్లూ ఇదే పద్ధతి.

---

లంకమామిడి | ఏప్రిల్ 19, రాత్రి 8:15

కొన్నానండి. మీ అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకుని సీటీసీకి వెళ్లాను.

మొదటి షాపులో ఎక్స్280, 15,500 అన్నారు. తెర 1366. ‘కథనం’ కొట్టి చూస్తే థలో చుక్క బూడిద రంగు మచ్చలా ఉంది. వచ్చేశాను. రెండో షాపులో బయోస్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదన్నారు. మూడో చోట 830 జీ5 చూశాను. తెర చక్కగా ఉంది, అచ్చుతప్పు గారి మాటే నిజం అనిపించింది. కానీ బ్యాటరీ రిపోర్టులో 52 శాతమే. మార్చి ఇస్తే 26,500 అన్నారు. అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

నాలుగో షాపులో ఫుల్ హెచ్‌డీ ఎక్స్280, 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ. రిపోర్టులో 48.0కి 39.6, అంటే 82 శాతం. రీసెట్ చేయించమని అడిగితే కుర్రాడు స్టూలు తెచ్చి వేశాడు, టీ కూడా తెప్పించాడు. నలభై నిమిషాలు కూర్చున్నాను. సెటప్ తెరలో నా పేరు అడిగింది. వంకాయరంగు తమ్ముడూ, ఆ క్షణంలో నువ్వే గుర్తొచ్చావు. 19,000 తీసుకున్నారు, మూడు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకున్నాను. చార్జరు, తీగ 2,100.

మళ్లీ అదే కిరాణా కాటా. ల్యాప్‌టాప్ 1 కిలో 180, చార్జరు తీగతో 190. మొత్తం 1 కిలో 370. మునుపు 2 కిలోల 670.

---

పాతయంత్రం | ఏప్రిల్ 19, రాత్రి 8:40

మంచి బేరం అమ్మా. బయల్దేరే లోపు ఈ ఆరు వారాలూ ఇంట్లో పాతది పక్కన పెట్టి దీని మీదే పని చేయండి. లోపం ఉంటే వారంటీలో బయటపడాలి. బ్యాటరీ దారిలో ఎలా ఉందో చెప్పడం మర్చిపోకండి.

---

లంకమామిడి (ప్రస్తుతం లేహ్) | జూలై 27, సాయంత్రం 6:10

దారిలో ఎలా ఉందో చెప్పమన్నారు కదా, ఇన్నాళ్లకు కుదిరింది.

కీబోర్డు గురించి భయపడ్డాను గానీ, రెండో రోజుకే చేయి కుదిరింది. ఇబ్బంది పెట్టింది పేజ్‌మేకరే. విండోస్ తెరను 125, 150 శాతం చేస్తే అందులో అక్షరాలు మసకబారుతున్నాయి. తెరను 100 శాతానికి దించి, పేజ్‌మేకర్లోనే పేజీని 200కి పెంచుకుని చూస్తున్నాను. అరపేజీ మాత్రమే కనిపిస్తుంది, జరుపుకుంటూ పోవాలి. ఫారానికి ఇంట్లో కన్నా ముప్పావుగంట ఎక్కువ పడుతోంది. అచ్చుతప్పు గారూ, సాయంత్రానికి కళ్లు మండుతున్న మాట నిజం. డబ్బు ఇంకో రెండు వేలుంటే ఆ 13.3 తీసుకునేదాన్ని.

గంగా కావేరిలో సరిగ్గా పదకొండుకు ప్లగ్గు ఆగిపోయింది. పట్టాలమీద తమ్ముడు చెప్పాడని ఎనిమిదిన్నరకే నింపేసుకున్నాను. కాశీలో వేడికి మధ్యాహ్నం ఫ్యాన్ గట్టిగా తిరిగింది, పని తెల్లవారుజాముకు మార్చుకున్నాను. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఇక్కడ బంగారం. మా డార్మిటరీలో ఇద్దరు నా హాట్‌స్పాట్‌తోనే ఇంటికి ఫోన్ చేసుకున్నారు.

పాతయంత్రం గారూ, బ్యాటరీ అడిగారు. నిన్న రిపోర్టు తీస్తే 38.9 చూపించింది. ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఇక్కడ కరెంటు లేదు. అప్పటి నుంచి బ్యాటరీ మీదే దిద్దుతున్నాను, ఇంకా 21 శాతం ఉంది. ఫారంలో మూడు పేజీలు మిగిలాయి.